పానరసజ్ఞులకు మూడు ప్రశ్నలు

మా నగరమున నొక క్రొత్త విద్య బయలుదేరినది. దానికి గురువులు గలరు; శిష్యులు గలరు; పరిభాష గలదు; తుదకు యోగ్యతాపత్రము సయితము గలదు. ఒక్క సాయంకాలపు పాఠమునకు వారు తీసికొను రుసుము మా పాఠశాలలో నొక బాలుడు నెలకు చెల్లించు జీతమును మించినది. ఆ విద్యకు మద్యమును రుచిచూచుట యని పేరు. త్రాగుట యనరాదు, అట్లన్నచో గురువులకును శిష్యులకును కోపము వచ్చును. రుచిచూచుటకును త్రాగుటకును నిజముగా భేదము గలదా, కలదేని దానిని పాటించుచున్న వా రెవరు అని విచారించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మాయొద్ద పండ్రెండేండ్ల క్రిందట చదువుకొన్న శిష్యు డొకడు మాదాపూరులోని యొక కంప్యూటరు సంస్థలో నిప్పుడు పెద్దయుద్యోగి. అతడు గడచిన శీతకాలమున మా యింటికి వచ్చి, "సార్, మీరు త్రాగనక్కరలేదు. ఒక్కసారి వచ్చి చూడండి. చూడకుండా తిట్టడం మాత్రం న్యాయం కాదు" అనెను. ఆ మాట సబబుగానే తోచినది. బయలుదేరితిమి.

1998లో సైబర్ టవర్సు భవనమును నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించు నాటికి మాదాపూరు ఱాతిగుట్టల నడుమ నున్న పల్లె. నేడు దుర్గం చెఱువుమీది తీగల వంతెన దాటి పోవువానికి ఆ మాట చెప్పిన నమ్మడు. అచ్చట నొక భవనపు పైయంతస్తున, పొడుగుపాటి బల్లయొద్ద, ఇరువదిమంది స్త్రీపురుషులు కూర్చుండియుండిరి. ఒక్కొక్కరి యెదుట ఆఱు గాజుగిన్నెలును, త్రాగునీరును, ఉప్పులేని బిస్కట్లును, నడుమనడుమ ఉమ్మివేయుటకు పింగాణి పాత్రలును అమర్చియుండెను. ఈ పింగాణి పాత్రలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి.

నాటి పాఠము ముఖ్యముగా జపాను దేశపు సాకేను గూర్చినది. గురువు మంచి బోధకుడు. మేమును ఆ వృత్తివారమే గనుక ఆ గుణమును ఒప్పుకొనక తప్పదు. బియ్యపుగింజ పైపొరలలో క్రొవ్వును మాంసకృత్తులును ఉండుననియు, నడుమ నచ్చమైన పిండి యుండుననియు, అందుచేత గింజను మెఱుగుపట్టి పైపొరలను తీసివేయుదురనియు అతడు చెప్పెను. గింజలో నూటికి 60 పాళ్ళో అంతకు తక్కువో మిగులునట్లు మెఱుగుపట్టి చేసినది గింజో. 50 పాళ్ళో అంతకు తక్కువో మిగిలినచో దైగింజో. మన గింజకును ఆ గింజోకును చుట్టఱికము లేదని చెప్పి అందఱిని నవ్వించెను. ద్రాక్షరసమున చక్కెర ముందే యుండును. ఈస్టు సోకినంతనే పులియును. బియ్యమున నుండునది పిండి. కోజి యను బూజు ఆ పిండిని చక్కెరగా మార్చుచుండగా, అదే తొట్టిలో, అదే సమయమున, ఈస్టు ఆ చక్కెరను మద్యసారముగా మార్చుచుండును. ఇట్లు రెండు పనులు జోడుగా సాగును. సీసాలోనికి వచ్చు సాకేలో సామాన్యముగా నూటికి 15, 16 పాళ్ళ మద్యసారముండును. పూర్వము పల్లెలలోని రైతులు చలికాలమున పొలముపని లేనప్పుడు కొట్టములకు పోయి దీనిని కాచెడివారు. వారి పెద్దకు తోజి యని పేరు, ఆ పేరునకు గొప్ప గౌరవము. 2024 డిసెంబరులో యునెస్కో సంస్థ ఈ పనితనమును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

పిమ్మట రుచిచూచు విధమును బోధించెను. నాలుక స్వయముగా నెఱుగునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, కాచిన పులుసులోని కమ్మదనము, ఇంతియే. పండు, పువ్వు, పొగ, తడిమట్టి యని మనము పేర్కొను తక్కినవెల్ల గొంతువెనుకనుండి ముక్కునకెక్కు వాసనలు. జలుబు చేసినవానికి పులిహోర రుచింపకపోవుటకు కారణ మిదియే. ఇది విద్య కాదని మేమనజాలము. ఇంద్రియములను నిలిపి, కనుగొన్నదానికి సరియైన మాటను వెదకుట ఏ విషయమునందైనను విద్యయే.

ఇచ్చట పూర్వాచారపరులైన మా మిత్రులు అడ్డుతగులుదురు. ఇది యంతయు పరదేశపు వెఱ్ఱి యనియు, మన పెద్దలు మద్యము పేరు విన్నను చెవులు మూసికొనెడివారనియు వారి వాదము. సంస్కృతమును చదివినవారు ఈ మాట యనలేరు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షునికి ఒక యధ్యాయమే కలదు. ఒక ద్రోణము నీటికి అర ఆఢకము బియ్యమును, మూడు ప్రస్థముల కిణ్వమును చేర్చినచో మేదకమగునని అందు కొలతలతో చెప్పబడినది. కిణ్వమనగా పులియజేయు ముద్ద. ద్రాక్షరసముతో నైనది మధువని అందే కలదు. చరకుడు పుట్టినమూలమునుబట్టి 84 ఆసవములను లెక్కించెను. సురాపానమును మహాపాతకములలో చేర్చిన మనువు సయితము గౌడి, పైష్టి, మాధ్వి యని మూటిని పేర్కొనియే నిషేధించెను. నిషేధించినవారు వస్తువును ఎఱిగి నిషేధించిరి. మనవారిలో కొందఱు ఎఱుగకయే యేవగించుకొందురు. కొందఱు ఎఱుగకయే త్రాగుదురు. ఈ రెండు అజ్ఞానములకంటె ఆ బల్లయొద్ద విన్న పాఠము మేలు. ఇంతవఱకు మా శిష్యునిదే గెలుపు.

కాని పాఠము ముగిసి బయటికి వచ్చునప్పుడు అతడు గర్వముగా నిట్లనెను: "చూశారా సార్? త్రాగుబోతు మత్తు కోసం త్రాగుతాడు. మేము రుచి కోసం." ఆ యొక్క వాక్యమే మాచేత మూడు ప్రశ్న లడిగించుచున్నది. ఇవి అతనికి మాత్రమే గాక, అతనివంటి విద్యావంతు లందఱికిని ఉద్దేశింపబడినవి.

మొదటి ప్రశ్న: మీరు ఉమ్మివేయుదురా? మద్యములకు గుణనిర్ణయము చేయుటయే వృత్తిగా గలవారు ఒక్క దినమున పదులకొలది నమూనాలను నోట నించుకొని, పుక్కిలించి, ఉమ్మివేయుదురు. మ్రింగినచో నాలుకయు మనస్సును మొద్దుబాఱి పదవ నమూనా నాటికి వారి మాట చెల్లదు. రుచి యంతయు నోటను ముక్కునను ఉన్నదని గురువే చెప్పియుండెను గదా! కడుపునకు నాలుక లేదు. కావున రుచికొఱకే వచ్చినవారు ఉమ్మివేయుటచేత నష్టపోవున దేమియు లేదు. ఆ రాత్రి బల్లమీది పింగాణి పాత్రలు తెచ్చినప్పుడెంత శుభ్రముగా నుండెనో, తీసికొనిపోవునప్పుడును అంత శుభ్రముగానే యుండెను. మొదటి గిన్నెకు బేరిపండనియు, తడిసిన గడ్డియనియు శ్రద్ధగా వాసనలు చెప్పినవారు ఆఱవ గిన్నె నాటికి "బాగుంది, బాగుంది" అని మాత్రమే యనుచుండిరి. ఆ మాటకు కల్లుపాకలో వినబడు మాటకును భేదము మాకు కానరాలేదు.

రుచి యెంత సున్నితమైనను మద్యసారము మద్యసారమే. దైగింజోలో నున్నను, సీమసారాలో నున్నను, ఈతకల్లులో నున్నను కాలేయము దానిని ఒక్క తీరుననే యెఱుగును. అది కర్కటవ్రణమునకు కారణమగు వస్తువులలో మొదటి తరగతికి చెందినదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించెను. ఆరోగ్యమునకు హానిలేని మోతాదు దీనికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించెను. "రుచి యెఱిగినవాడు తక్కువ త్రాగును" అని కొంద ఱందురు. కొందఱి విషయమున నిజము కావచ్చును. నిజమైనచో దానికి సాక్ష్యము పింగాణి పాత్రయే. వేఱు సాక్ష్యమును మేము పుచ్చుకొనము.

రెండవ ప్రశ్న: చీటీని దాచినచో మీ రుచి నిలుచునా? 1976లో పారిసు నగరమున నొక పరీక్ష జరిగెను. సీసాల పేర్లు కప్పిపెట్టి ఫ్రెంచి మద్యములను, కాలిఫోర్నియా మద్యములను ఫ్రెంచి నిపుణులకే రుచిచూపగా, ఎఱ్ఱవానిలోను తెల్లవానిలోను మొదటి స్థానము కాలిఫోర్నియాకే దక్కినది. పేరు కనబడినచో ఆ తీర్పు వచ్చెడిది కాదు. 2001లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, బోర్డో విశ్వవిద్యాలయమున మద్యవిద్య నభ్యసించు 54 మందికి తెల్లమద్యమునే రుచిలేని యెఱ్ఱరంగు కలిపి యిచ్చిరి. వారు దానిని ఎఱ్ఱమద్యమునకు వాడు మాటలతో వర్ణించిరి. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే మద్యమును రెండు ధరలు చెప్పి యియ్యగా, ఎక్కువ ధర చెప్పినదే ఎక్కువ రుచిగా నున్నదని త్రాగినవారనిరి. మెదడులో సుఖమును తెలుపు భాగము సయితము అట్లే స్పందించెను.

వీనినిబట్టి రుచి యనునది బూటకమని మేమనుట లేదు. పారిసు పరీక్ష దానికి విరుద్ధమైన సాక్ష్యము: కన్ను కట్టినప్పుడు నాలుక నిజము పలికినది. కన్ను తెఱచినప్పుడు రంగును, ధరయు, దేశమును నాలుకచేత అబద్ధమాడించును. మా శిష్యుని బల్లయొద్ద సీసా లన్నియు మొగము చూపుచునే యుండెను. ధరల పట్టిక చేతికిచ్చియే పాఠము మొదలుపెట్టిరి. ఫ్రాన్సులోని పల్లెల పేర్లు, వాని నేలల గుణములు ఆ బల్లయొద్ద వల్లింపబడెను. ఈ హైదరాబాదు చుట్టును ఒకప్పుడు విరివిగా పండి యీ నగరమునకే కీర్తి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష యే నేలలో పండెనో, ఆ తోట లేమయ్యెనో అడుగగా పలికినవారు లేరు. అది తినుటకు పెంచిన ద్రాక్షయే కావచ్చును. అయినను తన యూరి పండు రుచి యెఱుగనివానికి పరదేశపు నేల రుచి తెలియునన్నచో నమ్ముట కష్టము.

మూడవ ప్రశ్న ముఖ్యమైనది: మీ రసజ్ఞత యెవరి గిన్నె వఱకు పోవును? మాదాపూరునకు రెండుమూడు క్రోసుల దూరమున కూకట్‌పల్లి కలదు. 2025 జూలైలో ఆ ప్రాంతపు కల్లు కాంపౌండులలో త్రాగినవారు పలువురు వాంతులతోను విరేచనములతోను ఆసుపత్రుల పాలైరి. వారిలో కొందఱు మరణించిరి. ఆ కల్లులో అల్ప్రాజోలము కలిసియున్నదని పరీక్షలలో తేలినది. వైద్యులు ఆందోళనరోగులకు మిల్లిగ్రాములో పాతికపాలు, సగపాలు అని కొలిచి యిచ్చు మందది. దానిని కుండలలో చేతికి వచ్చినంత పోసిరి. మాదాపూరులో ఒక గిన్నెకు బియ్యపుగింజ యెంత మెఱుగు పట్టబడినదో చెప్పుదురు. కూకట్‌పల్లిలో ఒక గిన్నెకు అందున్నది కల్లో విషమో చెప్పువాడు లేడు.

ఈ కల్తీ యెట్లు పుట్టినదో తెలిసికొనుట కష్టము కాదు. కల్లు చెట్టునుండి దిగునప్పుడు తియ్యని నీరు. గాలిలోను, లొట్టిలోను ఉన్న సూక్ష్మజీవులచేత గంటలలో పులియును, సాయంకాలమునకు పులుపెక్కును, మఱునాటికి పనికిరాదు. అది నిలువయుండదు, దూరము పోదు. హైదరాబాదులో 2004లో మూసివేయబడిన కల్లుదుకాణములు 2014లో మఱల తెఱవబడినవి. నగరమున చెట్లు లేవు, గిరాకి కలదు. చెట్టులేనిచోట కల్లు కావలెనన్నచో నీరును, సాకరినును, మత్తుమందును దాని వేషము వేసికొని వచ్చును. తెలంగాణమున క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, అల్ప్రాజోలము ఈ వేషములకు చాలకాలముగా వాడుకలో నున్నవి. 2015లో అధికారులు కల్తీని గట్టిగా నడ్డగింపగా నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో త్రాగువారు మందు అందక పిచ్చిచూపులతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరిరి. స్వచ్ఛమైన కల్లే వారికి రోగమైనది! రుచి యెఱిగిన నాలుక ఒక్కటి ఆ యూళ్ళలో ముందే "ఇది చెట్టుకల్లు కాదు" అని పలికియుండినచో ఇంతవఱకు వచ్చెడిది కాదు.

అట్టి నాలుక లేకపోలేదు. పల్లెలోని గౌడునడుగుడు. చలికాలపు ఈతకల్లునకు వేసవి తాటికల్లునకు గల భేదమును, పోతుతాటి కల్లునకు పండుతాటి కల్లునకు గల భేదమును, తెల్లవాఱుజామున దించినదానికి ప్రొద్దెక్కి దించినదానికి గల భేదమును అతడు కన్నుమూసికొని చెప్పగలడు. చెట్టుపేరు పెట్టి చెప్పగలవారును గలరు. మోకు, ముస్తాదు కట్టుకొని తాటిచెట్టెక్కి, జాఱిపడి నడుము విఱిగినవారు, ప్రాణములు పోగొట్టుకొన్నవారు ప్రతి మండలమునను ఉన్నారు. కాటమయ్య రక్షాకవచమను పేరుతో వారికి పట్టీలు, త్రాళ్ళు ఇచ్చుట ప్రభుత్వము 2024లో గాని మొదలుపెట్టలేదు. జపానులోని తోజికి గౌరవము. తెలంగాణపు గీతకార్మికునికి పెండ్లిచూపులనాడు ఆ వృత్తి చెప్పుకొనుటకు సంకోచము. సాకేను గూర్చి గంటసేపు మాటలాడగల మా శిష్యుడు, తన తాత గీచిన కత్తి ఇంట నెక్కడ నున్నదో తనకు తెలియదని దారిలో మెల్లగా నొప్పుకొనెను.

"అది ప్రభుత్వపు పని, మాది కాదు" అందురేమో. ప్రభుత్వమును మేము ఎఱుగుదుము. మద్యపాన నిషేధమునకు పాటుపడవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచుండగా, మద్యమును తన సంస్థద్వారానే టోకున కొని దుకాణముల కమ్ము ప్రభుత్వమది. వీథివీథికిని "వైన్స్" అని పెద్దయక్షరముల పలక కట్టిన దుకాణములలో ద్రాక్షమద్యమును వెదకికొనవలెను. విస్కీ యని యమ్ము సీసాలు పెక్కింటిలో నున్నది చెఱకుమడ్డినుండియో నూకలనుండియో తీసిన సారమునకు రంగును వాసనయు చేర్చినది. వస్తువునకు పేరే సరిగా పెట్టని చోట గుణపరీక్షను ప్రభుత్వమునకే విడిచి నిద్రించుట వివేకము కాదు.

నిషేధమును కోరుచున్నారా యని మఱికొంద ఱడుగుదురు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు నేర్చి, సారాదుకాణమును మూయించి, 1992లో రాష్ట్రమంతటను ఉద్యమమును రగిల్చిరి. 1993లో సారా పోయెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అదియు పోయెను. చట్టము వచ్చినది, పోయినది. ఆ స్త్రీలు చేసిన పరీక్ష మాత్రము నేటికిని చెల్లును. వారు సారాను నాలుకతో రుచిచూడలేదు. అది తమ పొయ్యిమీద, తమ వీపుమీద, తమ బిడ్డల పలకమీద ఏమి వ్రాసినదో చదివిరి. ఆ చదువును మించిన రసజ్ఞతను మాదాపూరు బల్లయొద్ద మేము చూడలేదు. మీ గిన్నెను లాగుకొనుటకు మేము రాలేదు. మీరు సంపాదించిన విద్యకు తగిన పనిని చూపుటకు వచ్చితిమి.

ఆ పని మూడు విధములు. రుచికని కూర్చున్నవారు ఉమ్మివేయవలెను. మత్తుకని కూర్చున్నవారు ఆ సంగతిని ఇంటివారియెదుట దాచక ఒప్పుకొనవలెను. చీటీని దాచి రుచిచూచుటను అలవాటు చేసికొనవలెను. అట్టి పరీక్షలో మన చెట్టుకల్లును సాకే సరసను నిలుపుటకు సిగ్గుపడరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి కల్లు కాంపౌండు గోడమీదను ఆనాటి కల్లు ఏ యూరి చెట్లదో, ఎప్పుడు దించినదో, ఎవరు గీచినదో, పరీక్షలో ఏమి తేలినదో పేదవాడు చదువుకొనునట్లు వ్రాయబడవలెనని విద్యావంతులు పట్టుపట్టవలెను. వేలరూపాయల సీసామీద చదివి యానందించునట్టి వివరములే ఇవి. ధనవంతునికి వినోదమైనది పేదవానికి ప్రాణరక్ష యగుట యిందువలన.

ఇంటింటను రుచిపాఠము చెప్పదలచినవారు నీరాతో మొదలుపెట్టవచ్చును. పులియకముందు దించిన ఆ చెట్టునీటిలో మత్తు లేదు. తండ్రియు, తల్లియు, బిడ్డలును కలిసి కూర్చుండి ఏ చెట్టుదో, ఏ ఋతువుదో ఊహింపవచ్చును. 2023లో హైదరాబాదు నెక్లెసు రోడ్డున నీరాకని యొక కేంద్రమునే తెఱచిరి. గింజో దైగింజో భేదమును కనిపెట్టగల నాలుకకు ఈతనీరాకు తాటినీరాకు భేదము తెలియకపోవునా?

మొన్న మా శిష్యుడు మఱల వచ్చెను. "సార్, పోయిన పాఠంలో నేను అన్నీ ఉమ్మేశాను. పక్కవాళ్ళు నవ్వారు" అనెను. రుచి తెలిసినదా యని యడిగితిమి. "ఆరో గిన్నె రుచి తెలియడం ఇదే మొదటిసారి" అనెను. రెండవ ప్రశ్నకు, చీటీలు దాచుమని గురువును అడిగెదనని చెప్పెను. మూడవదానికి అతడింకను ఉత్తరము చెప్పలేదు. అది యొక్కడు చెప్పదగినదియు కాదు. కూకట్‌పల్లిలో నేటి సాయంకాలమును కల్లుసీసాలు నింపబడుచునే యుండును. వానిలో నున్న దేమో ఎవరు రుచిచూచి చెప్పెదరో, విజ్ఞులైన పాఠకులు తమ యిండ్లలో ఆలోచింతురు గాక.